పుట్టింటి పలక

అనగనగా ఒక రాళ్ళ ఊరుందట. ఊఁ కొట్టవేం? కాళ్ళు దుప్పట్లోకి పెట్టుకుని ఊఁ కొట్టు. నువ్వు ఊఁ అంటేనే కథ నడుస్తుంది, లేకపోతే దారిలోనే కూలబడుతుంది.

ఆ ఊరి పేరు నల్లగుట్లపాడు. ఆ ఊళ్ళో ఇంటి గోడ రాయి, ఇంటి కప్పు రాయి, గడప రాయి, నీళ్ళ గోలెం మీద మూత కూడా రాయే. ఊరి పక్కనే ఒక నల్లటి గుట్ట. ఆ గుట్టని తవ్వి, రాయి తీసి, ఆ రాయిని పొరలుగా చీల్చి పలకలు చేసేవాళ్ళు. బలపం పట్టుకుని అఆలు దిద్దుకుంటారే, ఆ పలకలు. మగవాళ్ళు గనిలో దిగి రాయి తీసేవాళ్ళు. ఆడవాళ్ళు గట్టు మీద పాకల్లో కూర్చుని ఉలీ సుత్తీ పట్టి చీల్చేవాళ్ళు. పొద్దున లేస్తే ఊరంతా టకటక, టకటక.

ఆ ఊరికి ఒక కోడలు వచ్చింది. ఆమె పేరు పేరిందేవి. ఎక్కడి నుంచి వచ్చిందంటే, తూర్పున సముద్రం ఒడ్డున ఉప్పుతిప్ప అనే ఊరి నుంచి. అక్కడ వాళ్ళ నాన్న ఉప్పుమళ్ళలో ఉప్పు పండించేవాడు. ఈ ఊరి గురవయ్య బండి మీద పలకలు వేసుకుని ఆ ఒడ్డుకి అమ్మకానికి వెళ్ళేవాడు. అలా వెళ్ళి వెళ్ళి, ఒక ఏడాది పలకలన్నీ అమ్మేసి, ఖాళీ బండిలో పెళ్ళాన్ని కూర్చోబెట్టుకుని వచ్చాడు. నవ్వకు, పెళ్ళి చేసుకునే తెచ్చుకున్నాడు, మేళతాళాలతో.

పేరిందేవికి మొగుడంటే ఇష్టమే. ఆ ఊరే పడలేదు. నీళ్ళు తక్కువ, దుమ్ము ఎక్కువ. అన్నిటికన్నా సాయంత్రం పూట ఆ నిశ్శబ్దం పడలేదు. టకటకలున్నాయిగా అంటావేమో. పొద్దు వాలితే అవి ఆగిపోతాయి. సముద్రం ఆగదు. పుట్టినప్పటి నుంచి ఆగని చప్పుడు విన్న పిల్లకి, చప్పుడు ఆగిపోతే ఎలా ఉంటుంది చెప్పు? ఇంట్లోంచి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు ఉంటుంది.

అయినా సర్దుకుంది. అప్పటికి కడుపుతో ఉంది. తొలి కాన్పుకి పుట్టింటికి పోతాను కదా, అమ్మా తమ్ముడూ వస్తారు తీసుకుపోవడానికి, అనుకుంది. వాళ్ళు వస్తే పెట్టాలని అరిసెలు వండి డబ్బాలో దాచింది.

వాళ్ళు రావాల్సిన వారంలో ఉప్పెన వచ్చింది.

ఉప్పెనంటే సముద్రం లేచి ఊరి మీదికి రావడం. ఉప్పుతిప్ప మొత్తం పోయింది. అమ్మ, నాన్న, తమ్ముడు, ఇల్లు, ఉప్పుమళ్ళు, అన్నీ పోయాయి. నా చెయ్యి పట్టుకో, ఏం భయం లేదు, ఇది ఎప్పటి సంగతో. కబురు తెలిసినప్పుడు పేరిందేవి ఏడవలేదు. ఏడుపు రాలేదు. అరిసెలు డబ్బాలోనే ఉండిపోయాయి.

ఆ తర్వాత రాళ్ళ ఊళ్ళోనే కాన్పయింది. ఆడపిల్ల పుట్టింది. ఊరంతా పాప, పాప అనేవాళ్ళు. మనమూ పాపే అందాం.

ఆ ఇంట్లో గురవయ్య వాళ్ళ నాయనమ్మ ఉండేది, ఓబుళమ్మ అని. అందరూ అవ్వ అనేవాళ్ళు. నోట్లో పళ్ళు లేవు గానీ మాటకి మాత్రం పళ్ళుండేవి. పెద్ద పనిమంతురాలు. రాయిని చేత్తో తడిమి ఎటు చీలుతుందో చెప్పేది. పేరిందేవికి ఉలి పట్టడం నేర్పింది ఆవిడే. నేర్పేటప్పుడు ఎన్ని తిట్లు తిట్టిందో, ఆ తిట్లన్నీ పేర్చితే ఇంకో గుట్ట అయ్యేది.

రోజూ పని అయ్యాక పేరిందేవి పాక బయట నిలబడి తూర్పుకేసి చూసేది. అది చూసి అవ్వ అడిగేది.

"ఆ దిక్కున ఏముందే, అలా చూస్తావు?"

"ఏం లేదవ్వా."

"ఏం లేనిదాన్ని ఇంతసేపు ఎవరూ చూడరు" అనేది అవ్వ. ఇంకేం అడిగేది కాదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు అసలు కథ. నిద్దరొస్తోందా? కాస్త ఆగు, అప్పుడే పోకు.

ఆ ఊరికో ఆచారం ఉంది. పిల్లకి అక్షరాలు దిద్దించే రోజున, మొదటి పలక తల్లి పుట్టింటి నుంచి రావాలి. శ్రీపంచమి నాడు మేనమామలు పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. పసుపు గుడ్డలో పలక చుట్టి, నెత్తిన పెట్టుకుని, గడప ముందు నిలబడేవాళ్ళు. లోపలి నుంచి ఇంటి పెద్ద అడగాలి, ఏ ఇంటి పలక అని. వచ్చినవాళ్ళు ఇంటిపేరు చెప్పాలి. అప్పుడు కాళ్ళకి నీళ్ళిచ్చి లోపలికి పిలిచి, పలక పిల్ల ఒళ్ళో పెట్టించేవాళ్ళు. అదీ పుట్టింటి పలక. ఆ ఊరి కోడళ్ళందరివీ చుట్టుపక్కల రాళ్ళ ఊళ్ళే కాబట్టి, ఎవరికీ ఎప్పుడూ లోటు రాలేదు.

పాపకి అయిదో ఏడు వచ్చింది. వచ్చే శ్రీపంచమికి అక్షరాలు దిద్దించాలి. ఇంటి నిండా పలకలు, ఊరి నిండా పలకలు. పాపకి మాత్రం పలక తెచ్చే ఇల్లు లేదు.

ఎదురింటి సీతారావమ్మ మంచిదే పాపం. సలహా చెప్పింది. "మా తమ్ముడు ఎలాగూ మా పిల్లాడికి తెస్తున్నాడు. ఇంకోటి వాడి నెత్తిన పెడదాం. వాడే మేనమామ అనుకుంటే సరిపోతుంది."

"అనుకుంటే సరిపోయేదైతే, మా అమ్మ బతికే ఉందని అనుకునేదాన్ని కదా వదినా" అంది పేరిందేవి.

ఆ తర్వాత గురవయ్య బండి కడుతుంటే పేరిందేవి వెళ్ళి అడిగింది. "మావా, ఈసారి ఒడ్డుకి పోయినప్పుడు మా ఊరి మట్టి తెచ్చిపెట్టు."

"మట్టెందుకు?"

"తెచ్చిపెట్టు" అంది. ఏడుస్తున్న మనిషిని ఎందుకని అడగొచ్చు గానీ, ఏడవకుండా అలా నిలబడ్డ మనిషిని అడగలేం. గురవయ్య సరేనన్నాడు.

వెళ్ళాడు, వచ్చాడు. బండిలోంచి తడి గోనెసంచి ఒకటి దించాడు. "ఊరు లేదు పేరిందేవీ. మట్టే ఉంది" అన్నాడు.

సంచి మూతి విప్పింది. లోపల నల్లటి ఒండ్రు, సముద్రం ఒడ్డున ఉండే మెత్తటి అడుసు. ఉప్పు వాసన గుప్పుమంది. పొద్దున్నే ఉప్పుమళ్ళలోంచి వచ్చిన నాన్న కాళ్ళ వాసన అది. అప్పుడు ఏడ్చింది పేరిందేవి. అయిదేళ్ళ ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, కొంగు దోపుకుంది.

పుట్టింటి నుంచి పలక రాదు, పుట్టింటి మట్టి వచ్చింది కదా, ఈ మట్టితోనే పలక చేస్తాను అనుకుంది. వెర్రితల్లి కదూ? పలకల ఊళ్ళో కూర్చుని, మట్టితో పలక చేస్తానంది. చేసి తీరాలనుకుంది.

ముందు ఏం చేసిందంటే, ఒండ్రుని రొట్టెలా తట్టి, నీడలో ఆరబెట్టి, కుమ్మరి వాళ్ళ ఆవంలో పెట్టించింది. ఆవమంటే కుండలు కాల్చే చోటు. రెండు పూటలూ వెళ్ళి అక్కడే కూర్చుంది. తీసి చూస్తే ఎర్రగా, గట్టిగా ఉంది. బలపంతో అ రాసింది. రాసుకుంది. తడిగుడ్డతో తుడిచింది. అ పోలేదు. గీత లోపలికి పీల్చుకుపోయింది. పలకంటే రాయాలి, చెరపాలి, మళ్ళీ రాయాలి. ఇది రాసిందాన్ని వదలదు.

అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పెంకు బాగా కాలింది. ఇంటి మీద కప్పుకో" అంది.

ఆ తర్వాత రెండోసారి. వేడి పనికిరాలేదు, బరువు పెట్టి చూద్దామనుకుంది. రెండు రాతి బండల మధ్య మట్టిని పరిచి, పైన రాళ్ళు పేర్చింది. గురవయ్య చేత పేర్పించింది, అతని స్నేహితుల చేత పేర్పించింది, పెరట్లో ఒక గోడంత లేచింది. ఆకులు రాలే దాకా అలాగే ఉంచింది. తీసి చూస్తే ఏముంది, నల్లగా, పల్చగా, నున్నగా, అచ్చం పలకలాగే ఉంది. పేరిందేవి మొహం వెలిగింది. అ రాసింది. తెల్లగా పడింది. తడిగుడ్డతో తుడిచింది. అ పోయింది. దాంతో పాటు పలక కూడా పోయింది. చేతికి అడుసు అంటుకుని, నీళ్ళు నల్లగా కారాయి. పాపకి అది భలే ఆటగా ఉంది, చప్పట్లు కొట్టింది.

"మళ్ళీ చెయ్యవే అమ్మా" అంది.

ఆ తర్వాత మూడోసారి. పండగ ముంచుకొచ్చేసింది. సంచిలో మట్టి కొంచెమే మిగిలింది. వేడీ బరువూ రెండూ కలిపే పెడతాను అనుకుంది. కుమ్మరాయన ఆవం పగిలిపోతుందమ్మా అని దణ్ణం పెట్టేశాడు. అప్పుడు పెరట్లో తనే గుంట తీసింది. గుంటలో బండ, బండ మీద మట్టి, మట్టి మీద బండ, దాని మీద మోయగలిగినన్ని రాళ్ళు. చుట్టూ పిడకలు, తుమ్మ మొద్దులు. నిప్పంటించింది. చాలడం లేదని ఇంకా వేసింది. మట్టి ఆరే దాకా ఆగలేదు, లోపల తడి అలాగే ఉంది.

ఢామ్మని పేలింది. పై బండ రెండు ముక్కలైంది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి, పాప వచ్చి అవ్వ వెనక దాక్కుంది. పొగ తగ్గాక చూస్తే, పైన మాడిన ముక్కలు, లోపల పచ్చి మట్టి. అదే ఆఖరి పిడికెడు. సంచి ఖాళీ.

పేరిందేవి ఆ ముక్కల ముందు కూర్చుండిపోయింది. అవ్వ వచ్చి పక్కన చతికిలబడింది. ఈసారి వెక్కిరించలేదు.

"వేడి ఒక్కటే ఇచ్చావు, పెంకయింది. బరువు ఒక్కటే ఇచ్చావు, గట్టిపడింది గానీ నీళ్ళు తగిలితే మళ్ళీ అడుసే. రెండూ ఇచ్చావు, తొందరపడ్డావు. గుట్ట తొందరపడలేదు తల్లీ."

"గుట్టేంటవ్వా?"

"మరి పలకరాయి ఎలా అయిందనుకున్నావు? అదీ మట్టేనంట. మా అవ్వ చెప్పేది."

అప్పుడు అవ్వ చెప్పింది. అవ్వ చెప్పింది నేను నీకు చెప్తా, విను. ఎప్పుడో ఒకప్పుడు మట్టి మీద మట్టి పడింది. దాని మీద ఇసుక, దాని మీద మళ్ళీ మట్టి. కిందది ఇంకా కిందికి పోయింది. భూమిలోకి ఎంత లోతుకి పోతే అంత వేడి. పైన కొండంత బరువు. పక్కల నుంచి నేలకి నేలే జరిగి నొక్కింది. ఎన్నేళ్ళంటావా? లెక్కపెట్టడానికి అప్పుడు మనుషులే పుట్టలేదు.

అయితే ఆ మట్టి కరగలేదు. ఇది గుర్తుపెట్టుకో. కరిగి నీరై మళ్ళీ గడ్డకడితే అది వేరే రాయి. ఇది కరక్కుండానే మారింది. ఉన్నచోటే ఉండి, లోపల్లోపల మారింది. మట్టిలో కంటికి కనపడని రేణువులుంటాయి కదా, ఆ నొక్కుడికీ ఆ వేడికీ అవి సన్నటి రేకులై, అన్నీ ఒకే వైపుకి తిరిగి సర్దుకున్నాయి. ఇరుకు మంచం మీద పిల్లల్ని పడుకోబెడితే, అందరూ ఒకే వైపు తిరిగి సర్దుకుంటారు చూడు, అలా. అందుకే పలకరాయి ఆ వైపే చీలుతుంది. ఎండలో పెడితే సన్నగా మెరిసేది కూడా ఆ రేకులే. సున్నపురాయి కూడా అలాగే వేడికీ బరువుకీ మారి పాలరాయి అవుతుందట. ఆ కథ ఇంకోసారి అడుగు.

అంతా విని పేరిందేవి అడిగింది. "ఎక్కడి మట్టి అవ్వా ఈ గుట్టది?"

"అది మా అవ్వకీ తెలీదు. ఇక్కడ తాగడానికే నీళ్ళు లేవు, ఇంత అడుసు ఎక్కడి నుంచి వచ్చిందో ఏమో" అంది అవ్వ.

పేరిందేవి లేచి, పేలిపోయిన ముక్కలన్నీ తట్టలోకి ఎత్తింది. వాటిని పెంటకుప్ప మీద పారేయడానికి మనసొప్పలేదు. పుట్టింటి మట్టి కదా మరి. ఊరి చివర పాత గని ఒకటుంది. పనికిరాని రాయి తగిలిందని ఎవరో ఎప్పుడో వదిలేసిన గని. అందులో వాన నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళలో కలిపేసి వద్దామని బయల్దేరింది.

గనిలోకి దిగింది. ఆ ఏడు నీళ్ళు బాగా లోపలికి పోయాయి. ఇంతకు ముందు నీళ్ళ కింద ఉండే బండ ఒకటి వాలుగా బయటపడింది. దాని మీద కాలు పెట్టింది.

కాలు ఆగిపోయింది. కంటికన్నా ముందు కాలికే తెలిసింది. అరికాలి కింద సన్నటి మిట్టపల్లాలు, వరసగా, వంకరటింకరగా. ఇంకో అడుగు వేసింది, అవే. ఈ నేల తెలుసు నాకు అంది కాలు. అప్పుడు కిందికి చూసింది. బండ నిండా చిన్న చిన్న అలలు. సముద్రం వెనక్కి పోయినప్పుడు ఒడ్డు మీద వేసి పోయే గీతలు. పొద్దున్నే నాన్న వెనకాల ఉప్పుమళ్ళకి పోతూ తొక్కిన గీతలు. అవి అక్కడే ఉన్నాయి, రాయై ఉన్నాయి.

పేరిందేవి బండ మీద కూర్చుంది. ఆ తర్వాత బోర్లా పడుకుని, చెంప ఆనించి ఉండిపోయింది. రాయి చల్లగా ఉంది. చప్పుడేమీ వినపడలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, రాయి రాయే కదా. అయినా చాలాసేపు లేవలేదు.

ఆ తర్వాత తట్టలో ముక్కలు నీళ్ళలో కలిపి, పరిగెత్తుకెళ్ళి అవ్వని పిలుచుకొచ్చింది. అవ్వ కర్ర పట్టుకుని, తిట్టుకుంటూ దిగింది. బండని చూసి పెదవి విరిచింది.

"ఇదా? ముడతరాయి. మా మామ ఉన్నప్పటి నుంచి పారేస్తున్నాం. చీలిస్తే పలక మీద వంకర చార పడుతుంది, ఎవడూ కొనడు. ఈ గని వదిలేసింది అందుకే."

"ఇవి ముడతలు కాదవ్వా. అల వెనక్కి పోయినప్పుడు అడుసు మీద పడే గీతలు. మా ఊళ్ళో రోజూ వీటి మీదే నడిచేదాన్ని. ఎక్కడి మట్టో తెలీదన్నావే. ఇది సముద్రం మట్టి."

అవ్వ వంగి, చేత్తో తడిమింది. ఊరికే రాయి చీల్చడానికి తడిమినట్టు కాదు, పిల్ల తల నిమిరినట్టు తడిమింది. డెబ్భై ఏళ్ళ నుంచి ఆ గుట్ట మీద బతుకుతున్న మనిషి. సముద్రం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు.

"అయితే ఇన్నాళ్ళూ మీ పుట్టింటి మీదే కూర్చుని తిన్నామా మేము" అంది.

ఆ తర్వాత పేరిందేవి ఇంటికెళ్ళి ఉలీ సుత్తీ తెచ్చింది. బండలో ఒక ముక్క విడదీసింది. అలలు అలాగే ఉండాలని ఆశ. చేతికి తెలిసిన పనే అయినా, ఆ రోజు చెయ్యి అలల వెంటే పోయింది. అలల వెంట ఉలి పెట్టి కొడితే పెచ్చులు లేచాయి, చీలలేదు.

"అటు కాదే. అది సముద్రం పరిచిన వైపు. అటు ఇప్పుడు చీలదు. గుట్ట నొక్కిన వైపు పెట్టు."

"అలా చీలిస్తే అలలు తెగిపోతాయి అవ్వా."

"తెగనీ. కొట్టు ముందు."

పేరిందేవి కళ్ళు మూసుకుని ఉలి తిప్పి పెట్టింది. కొట్టింది. రాయి పుస్తకం తెరుచుకున్నట్టు రెండుగా తెరుచుకుంది. కళ్ళు తెరిచి చూస్తే నున్నటి నల్లటి పలక. దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక సన్నటి చార. వంకరగా, పైకీ కిందికీ, పైకీ కిందికీ. దూరం నుంచి చూస్తే సముద్రం అలాగే ఒక గీతలా కనపడుతుంది. అంచులు చెక్కి, నూరి, చుట్టూ చెక్క చట్రం కట్టించింది.

శ్రీపంచమి వచ్చింది. వీధి నిండా మేనమామలు, పసుపు గుడ్డలు, పలకలు. ఒక్కో గడప ముందూ ఒక్కో పేరు వినపడుతోంది. పాప కొత్త గౌను వేసుకుని గుమ్మంలో కూర్చుని, మనింటికి ఎవరొస్తారు అని చూస్తోంది.

అప్పుడు ఊరి తూర్పు వైపు నుంచి పేరిందేవి వచ్చింది. తలస్నానం చేసి, పసుపు గుడ్డలో పలక చుట్టి, నెత్తిన పెట్టుకుని, తనే వచ్చింది. పుట్టింటి వాళ్ళు తేవాల్సింది తనే మోసుకొస్తోందే అని ఎవరో గుసగుసలాడారు. సీతారావమ్మ వాళ్ళకేసి ఒక చూపు చూసింది. గుసగుసలు ఆగిపోయాయి.

పేరిందేవి తన ఇంటి గడప ముందే పరాయిదానిలా నిలబడింది. లోపలి నుంచి అవ్వ గొంతు వినపడింది.

"ఏ ఇంటి పలక?"

పేరిందేవికి మాట పెగల్లేదు. అవ్వ మళ్ళీ అడిగింది. మళ్ళీ పెగల్లేదు. నాన్న ఇంటిపేరు నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. ఆ పేరున్న వాళ్ళు ఎవరూ మిగల్లేదు కదా. మూడోసారి అవ్వ నెమ్మదిగా అడిగింది.

"ఏ ఇంటి పలక తల్లీ?"

"సముద్రం వాళ్ళింటి పలక" అంది పేరిందేవి.

అప్పుడు అవ్వ చెంబుతో నీళ్ళు పట్టుకుని బయటికి వచ్చింది. వంగలేని మనిషి, కర్ర పక్కన పెట్టి, గడప పట్టుకుని వంగింది. కోడలి కాళ్ళ మీద తనే నీళ్ళు పోసింది.

"చాలా దూరం నుంచి వచ్చింది మీ పలక. లోపలికి రామ్మా" అంది.

పలక పాప ఒళ్ళోకి వచ్చింది. పేరిందేవి పాప చెయ్యి పట్టుకుని అ దిద్దించింది. తెల్లగా, గుండ్రంగా పడింది. పాప తడిగుడ్డతో తుడిచింది. అ పోయింది. పలక మెరిసింది. పాప ఇంకా తుడుస్తోంది, ఇంకా తుడుస్తోంది.

"అమ్మా, ఈ గీత చెరగట్లేదే."

"అది చెరగదమ్మా. అది మనం రాసింది కాదు" అంది పేరిందేవి. పాపని ఒళ్ళోకి లాక్కుని, ఆ గీత మీద పాప వేలుని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించింది. "ఇది మీ అమ్మమ్మ వాళ్ళ ఊరు" అంది.

ఊరు తిరిగొచ్చిందా అంటావా? రాలేదు తల్లీ. పోయినవాళ్ళు రారు. పేరిందేవికి ఆ బెంగ పోయిందా అంటే అదీ పోలేదు. ముసలిదయ్యే దాకా సాయంత్రం పూట తూర్పుకేసి చూస్తూనే ఉండేది. కాకపోతే నిలబడి చూసేది కాదు. పలక ఒళ్ళో పెట్టుకుని, కూర్చుని చూసేది. అవ్వ కూడా వచ్చి పక్కన కూర్చునేది. అటు ఏముందని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ పలక ఏమైందా? ఆ దిండు కింద చెయ్యి పెట్టు. మెల్లిగా. చెక్క చట్రం తగిలిందా? ఆఁ, అదే. చీకట్లో కనపడకపోతే ఏం, ఆ చార ఎక్కడుందో చట్రం మీద ఆ చివరా ఈ చివరా గాటు పెట్టింది మా అమ్మ. ఆ గాటు నుంచి ఈ గాటు దాకా వేలు నడిపించు. ఆ పాపని నేనే, నా వేలే మా అమ్మ అలా నడిపించింది. మీ అమ్మకి అక్షరాలు దిద్దించినప్పుడు, దీన్ని నెత్తిన పెట్టుకుని వచ్చింది మా అమ్మే. మేనమామలు తేవాలని మిగతా ఇళ్ళలో అంటారు. మనింట్లో ఆడవాళ్ళే తెస్తారు.

రేపు శ్రీపంచమి, నీకు అక్షరాలు దిద్దించే రోజు కదా, పొద్దున్నే నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. నన్ను పిలవకు, కంగారు పడకు. ఈ పలక పసుపు గుడ్డలో చుట్టి, నెత్తిన పెట్టుకుని మీ గడప ముందు నిలబడతాను. లోపలి నుంచి మీ నాయనమ్మ అడుగుతుంది, ఏ ఇంటి పలక అని. నా గొంతు కూడా ఆగిపోతుందేమో. మా అమ్మ గుర్తొస్తే నాకు అలాగే అవుతుంది. ఆగిపోతే నువ్వు చెప్పాలి. ఏమని చెప్తావు?

ఊఁ అంటే కాదు, మాటతో చెప్పు.

"సముద్రం వాళ్ళింటి పలక."

ఆఁ. ఇక కళ్ళు మూసుకో.

ఒండ్రు పోయె కొండ కిందకి,
కొండ వచ్చె పలక లోనికి,
పలక వచ్చె పాప ఒళ్ళోకి,
పాప పోయె నిదర లోనికి.
కథ పట్టె కంచి దారి,
మన ఇల్లు ఇక్కడే, పడుకో బంగారి.